డ్రైవ్‌వేలో ఏడున్నర మీటర్ల లోతు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు ఉన్నదున్నట్టు చెప్పడం రాదు. జానెడు చేపని బారెడు చేస్తాను, చినుకు పడితే తుపాను అంటాను. మా ఆవిడ సుజాత ఇరవై రెండేళ్ళుగా నా అంకెలన్నిటినీ మూడుతో భాగించుకునే వింటోంది. మీరూ అలాగే చదువుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఈ రాతలో ఒక్క ముక్క మాత్రం భాగించినా ఏమీ మిగలనంత శుద్ధ అబద్ధం. అదేదో ఆఖర్న నేనే చెప్తాను.

ఇక దెయ్యాలంటారా, వాటి మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనే దెయ్యాన్ని. తణుకులో ఇంటర్ చదివే రోజుల్లో హాస్టల్లో తెల్ల దుప్పటి కప్పుకుని నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడేవాణ్ణి. ఒక జూనియర్‌కి ఆ దెబ్బతో తొమ్మిది రోజులు జ్వరం కాసింది. భాగిస్తే మూడు. జ్వరం కాసినన్ని రోజులూ నేను నవ్వుతూనే ఉన్నాను. దుప్పటి లోపల ఎవరుంటారో తెలిసినవాడికి దుప్పటంటే భయమేముంటుంది?

ఇది జరిగింది మెల్‌బోర్న్‌లో, మేముండే క్రెయిగీబర్న్‌లో, మా ఇంటి ముందు కార్లు పెట్టుకునే సిమెంటు డ్రైవ్‌వే మీద. తెల్లగా తెల్లారిన తర్వాత. అక్కడి నుంచి సముద్రం ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఈ అంకెని భాగించకండి, అనుమానముంటే మ్యాపు చూసుకోండి.

శేషు మా ఆవిడ తమ్ముడు. నలభై మూడేళ్ళు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. మెతక మనిషి. నలుగురు చేరిన ప్రతిచోటా నవ్వుకోడానికి ఒక మనిషి కావాలి కదా, మా గుంపుకి ఆ మనిషి శేషు. అతని బట్టతల మీద నేను వేసినన్ని జోకులు, ఒకప్పుడు ఆ తల మీద వెంట్రుకలు కూడా ఉండి ఉండవు. అతనికి విడాకులైతే వాటి మీదా వేశాను. అవి ఇంకా బాగా పేలాయి.

విడిపోయాక అతని భార్య హారిక సిడ్నీ వెళ్ళిపోయింది. వెస్ట్‌మీడ్‌లో ఆస్పత్రి ఉద్యోగం, అక్కడే అద్దె ఫ్లాటు. వాళ్ళమ్మాయి మేఘనకి పదకొండేళ్ళు, తల్లి దగ్గరే ఉంటుంది. మూడేళ్ళలో మేఘన తండ్రి దగ్గరికి ఒంటరిగా వచ్చి ఉన్నది లేదు. పోయిన సెప్టెంబరు సెలవుల్లో హారిక మొదటిసారి నాలుగు రోజులకి ఒప్పుకుంది. ఆ నాలుగు రోజులూ సవ్యంగా గడిస్తే జనవరి సెలవులు మొత్తం పంపిస్తానంది. శేషు ఆ జనవరి మీదే బతుకుతున్నాడు. వంటింటి గోడ మీద కేలండర్‌లో చివరి పేజీలో చిన్నగా అచ్చేసిన ఆ నెలని అప్పుడే ఆకుపచ్చ పెన్నుతో చుట్టేశాడు.

మేఘనకి చేపలు పట్టడమంటే పిచ్చి. అందుకని శేషు పడవ కొన్నాడు. నీళ్ళంటే మోకాలి పైకి దిగని మనిషి పడవ కొనడం ఒక వింతయితే, దానికోసం ఈత నేర్చుకోవడం ఇంకో వింత. ఆ బ్యాచ్‌లో మిగతావాళ్ళందరూ ఐదేళ్ళ పిల్లలు. నీళ్ళలో తేలే రంగురంగుల ఫోమ్ పలకలు పట్టుకుని వాళ్ళు తూనీగల్లా పోతుంటే, చివర్న మా శేషు పొట్ట బిగబట్టి కాళ్ళు కొట్టుకుంటూ వచ్చేవాడు. నేను అద్దం ఇవతల నుంచి వీడియో తీశాను. అది చూడని తెలుగు కుటుంబం మెల్‌బోర్న్ ఉత్తరపు దిక్కున లేదు.

పడవ పదహారడుగులది, ఫైబరుది, ఎవరో ముసలాయన వాడి అమ్మేసింది. శేషు ఉండేది యూనిట్‌లో. అది చిన్న వాటా ఇల్లు, చోటు లేదని ట్రైలర్‌తో సహా మా డ్రైవ్‌వేలో పెట్టాడు. అన్నీ బాగానే ఉన్నాయి గాని, లోతు చూపించే సాధనం లేకుండా పాపని ఎక్కించనని పట్టుబట్టాడు. ఎక్కడ ఇసుక తిన్నెలున్నాయో, ఎక్కడ రాళ్ళున్నాయో తెలియాలి కదా అన్నాడు. సరే, కొన్నాడు. అందులో రెండు భాగాలు. ఒకటి స్టీరింగ్ దగ్గర పెట్టుకునే తెర. రెండోది ట్రాన్స్‌డ్యూసర్. అది గొడుగు విప్పిన పుట్టగొడుగులా ఉండే కంచు ముక్క. పడవ అడుగున కన్నం వేసి, కాడని కింద నుంచి పైకి దూర్చి, లోపల నట్టు బిగించాలి. అది నీళ్ళలోకి శబ్దం పంపుతుంది. నేల తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని బట్టి తెర మీద లోతు అంకె పడుతుంది, కింద నేల ఆకారం గీతలా నడుస్తుంది.

దాన్ని పడవలు బాగుచేసేవాళ్ళ చేత బిగించుకోమని షాపతను చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. నేను ఆఫీసుల్లో నెట్‌వర్క్ కేబుళ్ళు లాగే పని చేస్తాను. వైరున్న ఏ వస్తువైనా నాకు చుట్టమే. పైగా నీళ్ళలో తేలాల్సిన వస్తువుకి చేజేతులా కన్నం వేసే అవకాశం మనిషికి ఎన్నిసార్లొస్తుంది?

శుక్రవారం మధ్యాహ్నం ఆ కన్నం వేశాను. ఇంజను ముందు, బుడగలు రాని చదును చోటు చూసుకుని, ముందు సన్నగా తొలిచి, తర్వాత గుండ్రటి రంపం బిళ్ళ డ్రిల్లుకి తగిలించి కోశాను. తెల్లటి ఫైబరు పొడి మీసాల నిండా పడింది. చుట్టూ స్పిరిట్‌తో తుడిచాను. శేషు నా వెనకాల కాగితం పట్టుకుని సూచనలు చదువుతూ నిలబడ్డాడు. దూరంగా ఉండి చదవమన్నాను, ఆ గొంతు వింటే రంపానికి కూడా నీరసం వస్తుందని.

అప్పుడు సుజాత పసుపు కుంకాల పళ్ళెంతో వచ్చింది. మా ఇళ్ళలో కొత్త వస్తువేది వచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టనిదే వాడరు. గ్రైండరుకి పెడతాం, గీజరుకి పెడతాం, మా ఆఫీసు లాప్‌టాప్‌కి కూడా కుడివైపు మూల ఇప్పటికీ పసుపు మరక ఉంది. చిన్నపిల్ల నీళ్ళలోకి వెళ్తోంది కాబట్టి ఇంకాస్త శ్రద్ధగా, ట్రాన్స్‌డ్యూసర్ కాడ చుట్టూ, గొడుగు లోపలి వైపు, తడి పసుపు దట్టంగా పూసి మూడు బొట్లు పెట్టింది. దండం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నీళ్ళు రాకుండా పూసే సీలెంటు ట్యూబు మీద మొట్టమొదటి సూచన ఏమిటంటే, అతికించే చోట పొడి గాని జిడ్డు గాని ఉండకూడదని. నేను చదివాను. పసుపు పూసింది సరిగ్గా అతికించే చోటే. గుడ్డతో తుడిస్తే పది సెకన్ల పని. తుడవలేదు. ఎందుకంటారా? బొట్టు పెట్టుకున్న ట్రాన్స్‌డ్యూసర్ ఆస్ట్రేలియా ఖండం మొత్తానికి ఇదొక్కటే అయి ఉంటుంది. ఫొటో తీసుకున్నాను. మావాళ్ళకి చెప్పుకోడానికి ఆర్నెల్ల సరుకు దొరికిందనుకున్నాను. పసుపు మీదే సీలెంటు పూసి, దూర్చి, నట్టు బిగించేశాను. మనసులో ఏదైనా మెదిలిందా అంటే, మెదిలింది. ఇంత కంచుముక్క ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో బార్బీ, అంటే ఇక్కడి భాషలో బార్బెక్యూ. పదిహేను కుటుంబాలు వచ్చాయి. భాగించండి. కోడికాళ్ళు కాలుతున్నాయి, పిల్లలు పడవ ఎక్కి దిగుతున్నారు. మేఘన ఆ ముందురోజు రాత్రే విమానం దిగింది. తండ్రి పక్కన కొత్తగా, కాస్త బిడియంగా తిరుగుతోంది. అతను ఏం చెప్పినా తలూపుతోంది. శేషు మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. చూస్తే నా చెయ్యి ఊరుకోలేదు.

ఆ తెరలో డెమో అని ఒక ఏర్పాటు ఉంటుంది. షాపుల్లో పెట్టి చూపించడానికి. అది నొక్కితే నీళ్ళు లేకపోయినా లోతులు, చేపలు, బొమ్మలన్నీ వస్తాయి. శేషు సాస్ బాటిల్ కోసం లోపలికి వెళ్ళినప్పుడు నొక్కేశాను. అతను రాగానే, గంభీరంగా మొహం పెట్టి, ఇలా రమ్మని చూపించాను. మా డ్రైవ్‌వే కింద ఇరవై మీటర్ల నీళ్ళు, అందులో చేపలు.

శేషు నమ్మాడు. ఊరికే నమ్మడం కాదు. ఈ పేటంతా పాత చిత్తడి నేల మీద కట్టారని ఎక్కడో చదివానన్నాడు. సిమెంటు కింద గుల్ల ఉందేమోనన్నాడు. అందరి దగ్గరా తాళాలు అడిగి తీసుకుని, డ్రైవ్‌వేలో ఉన్న నాలుగు కార్లనీ ఒక్కొక్కటిగా, నెమ్మదిగా, వేళ్ళ మీద నడిచినట్టు రోడ్డు మీదికి తీశాడు. తర్వాత మేఘన చెయ్యి పట్టుకుని అవతలి ఫుట్‌పాత్ మీదికి తీసుకెళ్ళి నిలబెట్టి, నేను పిలిచేదాకా కదలకు నాన్నా అన్నాడు. మేమంతా పేపరు ప్లేట్లు మొహాలకి అడ్డం పెట్టుకున్నాం.

పావుగంట ఆగి చెప్పాను. నవ్వు ఎలా పేలిందంటే పక్కింటి కుక్క మొరిగింది. మేఘన ముందు బిత్తరపోయింది. అందరి వైపూ చూసింది. తర్వాత తనూ నవ్వింది. "డాడ్, యు ఆర్ సో గలిబుల్," అంది రోడ్డు అవతల నుంచే, ఎవరేం చెప్పినా నమ్మేస్తావన్నట్టు.

శేషు కూడా నవ్వాడు. అతను ఎప్పుడూ నవ్వేవాడే. ఆ తర్వాత చాలాసేపు వంటింట్లో ఒక్కడే గిన్నెలు కడుగుతూ ఉండిపోయాడు. కడిగినవే మళ్ళీ కడిగాడని సుజాత చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడి నుంచి అంకెలు భాగించకండి.

ఆదివారం పొద్దున్న ఏడు కొట్టేసరికి నేను కాఫీ గ్లాసుతో డ్రైవ్‌వేలోకి వచ్చాను. డెమో తీసెయ్యాలి, లేకపోతే నీళ్ళలో తప్పు లోతులు చూపిస్తుంది. పడవలోకి ఎక్కి, తెర వెలిగించి, డెమో ఆపేశాను. ఆపేసినట్టు తెర మీద మాట వచ్చింది. పడవ నేల మీదే ఉంది కాబట్టి ఇక అంకె ఉండకూడదు, మూడు అడ్డగీతలు ఉండాలి.

అంకె ఉంది. ఏడున్నర.

కింద గోధుమరంగు గీత నింపాదిగా కుడి నుంచి ఎడమకి నడుస్తోంది. డెమోలో బొమ్మలూ రంగు చేపలూ ఉంటాయి. ఇందులో అవేం లేవు. ఉత్త నేల. ఏడున్నర, ఏడున్నర, ఏడు పాయింటు నాలుగు. డెమో సరిగ్గా పోలేదనుకుని మొత్తం ఆపి మళ్ళీ వెలిగించాను. ఆ గీత ఆగిన చోటు నుంచే సాగింది.

అప్పుడు తెర వెనక ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ పీకేశాను. కేబుల్ సంగతి నాకు తెలుసు, అదే నా తిండి. వైరు నా చేతిలో వేలాడుతోంది. తెర మీద లోతు నడుస్తూనే ఉంది.

గ్లాసు పక్కన పెట్టి కూచుని చూశాను. నేల ఉన్నట్టుండి లేచింది. రెండు మూపులున్న ఒక మెట్ట, దవడ పన్ను ఆకారంలో, ఎడమ మూపు పక్కన చిన్న నొక్కుతో. రెండు చోట్లా ఐదు పాయింటు రెండు. మళ్ళీ ఏడున్నరకి దిగింది. కాసేపు అలాగే పోయి, తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది. ఆరు. నాలుగు. మూడు. ఆ గీత ఎక్కుతున్న తీరులో ఏదో తొందర ఉంది, ఎవరో తరిమినట్టు. ఫోను తీసి ఒక ఫొటో కొట్టాను. పన్ను ఆకారం ఎడమ పక్కన, ఎక్కుతున్న గీత కుడి పక్కన, రెండూ పడ్డాయి. ఫొటో మీద టైము ఏడూ పన్నెండు. ఆఖరికి ఒకటి పాయింటు తొమ్మిది దగ్గర ఒక్క క్షణం నిలిచి, అంకె పోయి మూడు అడ్డగీతలు వచ్చాయి. కేబుల్ మళ్ళీ పెట్టాను. అడ్డగీతలే. ఆ తర్వాత ఎంత గెలికినా అడ్డగీతలే.

శేషు ట్రైలర్ పట్టీలు బిగిస్తున్నాడు. రాత్రి ఇద్దరూ మా ఇంట్లోనే పడుకున్నారు, మేఘన లోపల స్నానం చేస్తోంది. నేను దిగి వెళ్ళి శేషుకి చెప్పాను. నా జన్మలో మొదటిసారి ఏమీ కలపకుండా చెప్పాను. తెర తేడాగా ఉంది, ఇవాళ మానేద్దాం అన్నాను. ఫొటో చూపించబోతే అతను ఫోను వంక చూడలేదు.

"ఒకసారి చాలు బావా," అన్నాడు. పట్టీ ఇంకో బిగువు లాగాడు.

తొమ్మిదిన్నరకి వెర్రిబీ సౌత్ దగ్గర సముద్రంలోకి పడవ దింపాం. గాలి లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. మేఘనకి, శేషుకి లైఫ్ జాకెట్లు. నాది పొట్ట దగ్గర పట్టలేదని సీటు కింద తోశాను. తెర బుద్ధిగా పనిచేస్తోంది. రెండు, మూడున్నర, ఐదు. ఏడున్నర దగ్గర శేషు వేగం తగ్గించాడు. మేఘన ముందు కూచుని గాలానికి ఎర గుచ్చుతోంది, తండ్రితో సిడ్నీ బడి కబుర్లు చెప్తోంది. ఆ పిల్ల అంతసేపు అతనితో మాట్లాడటం నేనదే చూడటం. అతను స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, తల ఊపుతూ, ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా వింటున్నాడు. తల్లికి చూపించాలని మేఘన ఫోను తీసి, పడవ నడుపుతున్న తండ్రిని వీడియో తీసింది.

అప్పుడే తెర మీద నేల లేచింది. రెండు మూపులు. ఐదు పాయింటు రెండు, ఐదు పాయింటు రెండు.

పొద్దున్న చూసిన పన్ను. అదే వంకర, ఎడమ మూపు పక్కన అదే చిన్న నొక్కు. వెనక్కి తిరిగి చూస్తే పడవ వెనక భాగం కిందికి దిగి ఉంది. నేల పలక మూత ఎత్తాను. లోపల నల్లగా నీళ్ళు, మూతకి బెత్తెడు కింద. నీరు తోడే పంపు తిరుగుతూనే ఉంది, దాని వల్ల అయ్యే పని కాదది. ఆ నీళ్ళ మీద పసుపు తేలుతోంది.

నీళ్ళొస్తున్నాయని చెప్పాను. శేషు వెనక్కి తిరగలేదు. మళ్ళీ చెప్పాను, ఈసారి అరిచాను. నేను అరిస్తే ఎవరైనా నవ్వుతారు, అది నా గొంతుకున్న అలవాటు. మేఘన నవ్వలేదు. "స్టాప్ ఇట్ మామయ్యా. లీవ్ హిమ్ అలోన్," అంది. ఆ పిల్ల తండ్రి పక్షం తీసుకోవడం అదే మొదలు. శేషు మొహం చూశాను. ఆ మాట విన్న సంతోషంలో అతనికి ఇంకేదీ వినిపించలేదు.

అలా ఎంతసేపు పోయిందో కచ్చితంగా చెప్పలేను. ఐదు నిమిషాలకి తక్కువ కాదు. చెప్పులు తడిసేదాకా నా మాట ఎవరూ వినలేదు. తడిశాక శేషు ఒక్కసారి కిందికి చూసి, పడవని ఒడ్డు వైపు తిప్పి, ఇంజను మొత్తం తెరిచాడు. పడవ గర్భిణిలా కదిలింది. నేను తెరనే చూస్తున్నాను. ఆరు. నాలుగు. మూడు. పొద్దున్న నేను చూసిన తొందర ఇదే. తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. ఒకటి పాయింటు తొమ్మిది దగ్గర బ్యాటరీలోకి నీళ్ళెక్కి తెర ఆరిపోయింది. ఇంజను దగ్గింది, ఆగింది. వెనక భాగం నీళ్ళ కిందికి వెళ్ళిపోయింది.

ఒకటి పాయింటు తొమ్మిది అంటే పెద్ద లోతేం కాదు. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. నాకు ఈత రాదు. శేషు ఈత మీద అన్నాళ్ళు నవ్విన నాకు, ఈత రాదు. ఈ ముక్క నేనెవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

శేషు కూతుర్ని వీపు మీద వేసుకుని, ఆ ఐదేళ్ళ పిల్లలు కొట్టినట్టే కాళ్ళు కొట్టుకుంటూ, నిలబడగలిగే చోటు దాకా తీసుకెళ్ళి నిలబెట్టాడు. నేను చేపల ఐసుపెట్టెని కౌగిలించుకుని వేలాడుతున్నాను. అతను వెనక్కి వచ్చాడు. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. నా చొక్కా కాలరు పట్టుకుని, వదలమని చెప్పాడు, పెట్టెని. వదిలాను. లాక్కెళ్ళాడు. ఒడ్డున ఉన్న చేపల వాళ్ళు దుప్పట్లు ఇచ్చారు.

పడవ బయటికి తీయించాక చూస్తే ట్రాన్స్‌డ్యూసర్ కాడ కన్నంలో వదులుగా ఆడుతోంది. సీలెంటు మొత్తం పసుపు పొరతో సహా, ఒక ఉంగరంలా, ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. పడవ మునగడానికి కారణం ఇంతే. ఇందులో దెయ్యం లేదు. నేనున్నాను.

ఆ సాయంత్రమే మేఘన సిడ్నీ వెళ్ళిపోయింది. హారిక నాకు ఫోను చేసి జరిగిందంతా అడిగింది, చెప్పాను. పొద్దున్న డ్రైవ్‌వే సంగతి కూడా చెప్పాను, ఫొటో పంపాను. సాధనం తేడాగా ఉందని ముందే తెలిసి కూడా పిల్లని నీళ్ళలోకి తీసుకెళ్ళిన తండ్రి దగ్గరికి మళ్ళీ పంపనంది. జనవరి వచ్చింది, పోయింది. శేషు వంటింటి గోడ మీద కేలండర్ ఇంకా పోయినేటిదే ఉంది.

నాకు అంతుపట్టనిది ఆ తెర ఒక్కటే. మేఘన ఫోను జిప్ సంచిలో ఉండటం వల్ల బతికింది. ఆ వీడియోలో శేషు భుజం పక్కన తెర కనిపిస్తుంది. దాన్ని ఆపి, నా ఫొటో పక్కన పెట్టి చూశాను. పన్ను, రెండు మూపులు, ఎడమ పక్క నొక్కు. తేడా లేదు. కరెంటులో ఒడిదుడుకులకి తప్పు అంకెలు రావడం మామూలేనని షాపతను చెప్పాడు. తప్పు అంకెలు రావొచ్చు, మూడు గంటల తర్వాత జరగబోయేదాన్ని వరసగా ఎలా చెప్తాయని అడిగితే నా వంక వింతగా చూశాడు. అదే రకం తెర మీద డెమో పెట్టి మొదటి నుంచి చివరి దాకా చూపించాడు. ఆ పన్ను అందులో ఎక్కడా లేదు. ముందు వాడిన ముసలాయన జ్ఞాపకమేదో అందులో మిగిలిందా అంటే, ఆ తెర కొత్తది, పెట్టె నేనే చింపాను. తెలిసిన ఇంజనీర్లు ముగ్గుర్ని అడిగాను. ఫొటో మార్చావు అన్నారు ముగ్గురూ. నేను వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. ఏడాది కావస్తోంది. నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక కల్పించిన ముక్క.

అది తెర కాదు, అంకెలు కాదు. శేషుకి చెప్పానని రాశాను చూడండి, అది. ఆదివారం పొద్దున్న నేను శేషుకి ఏమీ చెప్పలేదు. అతను పట్టీలు బిగించుకుంటున్నాడు, నేను నాలుగడుగుల దూరంలో ఫోను పట్టుకుని నిలబడ్డాను, అంతవరకే నిజం. చెప్పకపోవడానికి కారణం భయం కూడా కాదు. నీళ్ళ మధ్యకి వెళ్ళాక, కూతురి ముందు, తెర ఈ వేషం వేస్తే అతని మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. "ఒకసారి చాలు బావా" అన్న మాట నిజమే. అన్నది డ్రైవ్‌వేలో కాదు, నీళ్ళ మీద, పడవ నిండుతోందని నేను అరుస్తున్నప్పుడు. మేఘన వీడియో చివర్లో వినిపిస్తుంది.

జరిగిందంతా విన్నాక హారిక ఆ సాయంత్రం ఆఖర్న అడిగింది ఒక్కటే. "అన్నయ్యా, మీకు పొద్దున్నే తెలిస్తే ఆయనకి చెప్పలేదా?"

"చెప్పానమ్మా, వింటేగా," అన్నాను.

తనకెవరూ చెప్పలేదని శేషు అన్నాడట. పిల్లని ముంచబోయిన మనిషి మాట ఒకటి, టైముతో సహా ఫొటో ఉన్న మనిషి మాట ఒకటి. ఆవిడ నా మాట నమ్మింది. నన్ను నమ్మిన మనిషి నాకు గుర్తున్నంతలో ఆవిడొక్కతే.

హారికకి పంపింది ఉత్త ఫొటో. అదే ఫొటోని ఆ పొద్దున్న ఏడుంబావుకి మా వాళ్ళ వాట్సాప్ గుంపులో పెట్టాను, శేషు లేని గుంపులో. పద్నాలుగు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. వాళ్ళలో ఒక్కరు కూడా దాన్ని హారికకి పంపలేదు. ఫొటో కింద నేను రాసింది ఇప్పటికీ అక్కడే ఉంది.

"మా బావమరిదికి ఇంకా చెప్పలేదు. నీళ్ళలోకి దిగాక చెప్తా. వీడియో పెడతా, చూడండి."